సోంపు మామిడికి ఆరువేల రెట్ల ఒత్తిడి

మా నాయనకు కోపం వస్తే కేకలు వేయడు. రంపానికి పదును పెడతాడు. ఆ ఏడాది మామిడికాయలు పండటం మొదలైన కొత్తలో, ఒక ఆదివారం నేను హోసూరు నుంచి ఊరికి పోయేసరికి ఆయన తిన్నె మీద కూర్చుని ఆకురాయితో రంపం పళ్లు రాస్తున్నాడు.

"ఎవరి మీదమ్మా కోపం?" అని లోపలికి పోయి అడిగాను.

"చెట్టు మీద," అంది అమ్మ. "ఈసారికి మనుషులు తప్పించుకున్నారు."

మా ఊరు కృష్ణగిరి నుంచి సామల్పట్టి వైపు పోయే దారిలో ఉంది. మా తోటంతా బెంగుళూర మామిడి, అంటే మిగతా తెలుగువాళ్లు తోతాపురి అనే రకం. నడుమ ఒక్క చెట్టు మాత్రం ఎవరూ నాటింది కాదు. ఎవరో తిని పారేసిన టెంక నుంచి దానంతట అదే మొలిచింది. పిడికిలంత కాయ, లోపల నిండా పీచు, పండినా తొక్క పచ్చగానే ఉంటుంది. చూడటానికి ఏ అందమూ లేదు. కానీ తొడిమ తుంచితే చాలు, మామిడి వాసన వెనకాలే సోంపు వాసన లేస్తుంది. అందుకే మా ఇంట్లో దాన్ని సోంపు మామిడి అంటాం. చిన్నప్పుడు ఆ తొక్కలు ముంజేతులకు రుద్దుకుని బడికి పోయేదాన్ని. అత్తరు పూసుకున్నానని టీచరు తిట్టింది కూడా.

నాయన కోపానికి కారణం ఉంది. ఆ చెట్టు బెంగుళూర చెట్లతో సమానంగా నీళ్లు తాగుతుంది, వాటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాని కాయల్ని మండీవాళ్లు కన్నెత్తి చూడరు. మా వైపు ఇలాంటి చెట్టును వేరుతో కొట్టరు. పై కొమ్మలన్నీ కోసేసి, ఆ కోతల మీదే మంచి రకం పుల్లల్ని అంటు కడతారు. కాళ్లు పాతవే, తల కొత్తది. మూడేళ్లు తిరిగేసరికి అది వేరే చెట్టవుతుంది. నాయన ఆ పని మీదే రంపం నూరుతున్నాడు.

"ఆ చెట్టు తల కొడితే ఆ వాసన ఇంక ఈ భూమ్మీద ఉండదు నాయనా," అన్నాను.

"వాసన మూట కట్టి మండీకి ఎత్తుకుపోతానా అమ్మా?"

"మూట కట్టలేం గానీ, సీసాలో కట్టొచ్చు. రసం తీసి సీసాలో పెడితే మనుషులు వెతుక్కుంటా వస్తారు."

"సీసాలోనా? నువ్వు ఇరవై ఏండ్లు సీసాలు, డబ్బాలు నింపినావు గదా. దాంట్లో యాడన్నా మామిడికాయ వాసన ఉండిందా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది, ఎందుకంటే అది నిజం. కృష్ణగిరి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను ఇరవై ఏళ్లు నాణ్యత చూసే పని చేశాను. లోపలికి వచ్చే కాయకు వాసన ఉండేది, బయటికి పోయే డబ్బాకు ఉడికిన వాసన ఉండేది. అంతా వేడి మహిమ. వేడి చేయకపోతే కుదరదు. సూక్ష్మక్రిములు ఒక కారణం, ఎంజైములు ఇంకొకటి.

ఎంజైము అంటే కాయలో పనులు చేసిపెట్టే ప్రొటీను. పొడుగాటి దారం లాంటిది, తనను తానే మడతలు పెట్టుకుని ఒక ఆకారంలో కూర్చుంటుంది. ఆ మడతల మధ్య చిన్న గుంట ఒకటి ఉంటుంది. పని జరిగేది ఆ గుంటలోనే. కాయ చెట్టున ఉన్నన్నాళ్లూ ఇవి బుద్ధిగా ఉంటాయి. కోసిన ముక్క గాలి తగిలి నల్లబడుతుంది చూడండి, అది వీటి నిర్వాకమే. వేడి చేస్తే మడతలు విడిపోతాయి, గుంట పోతుంది, ఎంజైము పని ఆగిపోతుంది. దాంతోపాటు వాసన కూడా ఆవిరై పోతుంది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టినట్టు అన్నమాట.

అయితే ఆ ఏడాదే నేను ఉద్యోగం మారి హోసూరు వచ్చాను. బాగలూరు దారిలో కొత్తగా పెట్టిన పళ్లరసాల యూనిట్. అక్కడ వేడి లేదు. దాని బదులు రైలింజను పొడవున ఒక ఉక్కు గొట్టం ఉంది. రసం నింపిన ప్లాస్టిక్ సీసాల్ని దాంట్లోకి తోసి, మూత బిగించి, చల్లటి నీళ్లు ఎక్కించి, ఆ నీళ్లనే ఇంకా ఇంకా కుక్కుతారు. చివరికి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఆరువేల రెట్లు. అతి లోతైన సముద్రం అడుగున కూడా అంత ఉండదు, ఇది దానికి ఐదు రెట్ల పైమాటే. సీసా మాత్రం పగలదు, అన్ని పక్కల నుంచీ సమంగా నొక్కుతుంది కాబట్టి. మూడు నిమిషాలు అలా ఉంచి వదిలేస్తే క్రిములు చస్తాయి, చాలా ఎంజైముల మడతల్లోకి నీళ్లు దూరి అవి ఆకారం చెడి కూలబడతాయి. వాసనలు, విటమిన్లు చిన్న చిన్న అణువులు. వాటికి మడతలే లేవు, విప్పడానికేం ఉంది? అవి ఎట్లా లోపలికి పోయినాయో అట్లాగే బయటికి వస్తాయి.

ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ ఒకే మాట అనేది. "ఒత్తిడి అంటే కుక్కర్ గదమ్మా. కుక్కర్లో పెడితే ఉడకదా?" నాయన దాన్ని పట్టుకుని ఊరంతా చెప్పాడు. "మా పాపది కుక్కర్ కంపెనీలో పని" అని.

సరే, ఆ ఆదివారం తిన్నె మీదే పందెం కుదిరింది. ఆడి నెల పద్దెనిమిదో రోజు, అంటే ఆగస్టు మొదట్లో, మా వైపు తమిళులు, తెలుగువాళ్లు, కన్నడం వాళ్లు అందరూ ఏదో ఒకటి నాటే రోజు. ఆ రోజు అంటు కట్టే ఆయన కత్తి, పుల్లలు తీసుకుని వస్తాడు. అప్పటికి సోంపు మామిడి కాయలన్నీ అయిపోయి నెల దాటుతుంది. ఆ రోజు నేను సీసా తెచ్చి, దాంట్లో ఆ కాయ వాసన అలాగే ఉందని చూపిస్తే చెట్టు ఉంటుంది. లేకపోతే తల పోతుంది.

"తీర్పు ఎవరు చెప్పేది?" అన్నాను.

"మీ అమ్మ ముక్కు."

దానికి నేను వెంటనే ఒప్పుకున్నాను. మా అమ్మ ముక్కు సామాన్యమైంది కాదు. పెరుగు గిన్నె మూత తీయకుండానే తోడు పెట్టింది పొద్దుననా సాయంత్రమా చెప్తుంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన సిగరెట్టు మానేశానని అందర్నీ నమ్మించాడు, ఒక్క ఆమెను తప్ప. ఆ ముక్కును ఎవరూ కొనలేరు. నాయనా కొనలేడు, నేనూ కొనలేను.

మొదటి కాయలు రెండు గంపలు హోసూరు తెచ్చాను. మా యూనిట్‌లో బయటివాళ్ల రసానికి చోటు దొరకడం కష్టం. కానీ యంత్రానికి రబ్బరు రింగులు మార్చినప్పుడల్లా, కారుతుందేమో చూడటానికి సగం ఒత్తిడితో ఉత్తినే ఒకసారి నడుపుతారు. అలా నడిపేటప్పుడు నా సీసాలు పెట్టుకోవడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. యంత్రం నడిపేది ఒక తమిళాయన, నాకంటే పదేళ్లు చిన్న. నేను సీసాలు పేరుస్తుంటే తల గోక్కున్నాడు.

"అక్కా, ఇది సగం ప్రెషరే. చాలదు అక్కా. వచ్చే వారం ఫుల్ వేసేటప్పుడు పెడదాం."

"సగమైతే ఏమప్పా? మూడు నిమిషాల బదులు ఇరవై నిమిషాలు ఉంచు. అంతా ఒకటే."

"ఒకటి కాదక్కా..."

"నేను ఇరవై ఏండ్లు పల్ప్ చేసినాను. నాకు చెప్తావా?"

గుజ్జు ఫ్యాక్టరీల్లో ఇది మాకు ఉగ్గుపాలతో నేర్పిన సూత్రం. వేడి కొంచెం తగ్గిస్తే సమయం పెంచు, లెక్క సరిపోతుంది. కృష్ణగిరిలో గుజ్జు పని చేసిన ఎవర్ని లేపి అడిగినా ఇదే చెప్తారు. ఆ సూత్రాన్ని మోసుకొచ్చి ఒత్తిడి నెత్తిన పెట్టాను. పాపం, ఆయన నేను చెప్పినట్టే ఇరవై నిమిషాలు ఉంచాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయనకు ఆ రోజే అర్థమైంది.

వారం తిరక్కుండానే రెండు సీసాలు మంచుపెట్టెలో పెట్టుకుని ఊరికి పోయాను. ఆడి దాకా ఆగొచ్చు, కానీ నాకు ఓపిక లేదు. ముందే గెలిచి నాయన మొహం చూడాలని తొందర. దారిలో ఒకసారి తీసి చూసినా బాగుండేది. తిన్నె మీద అందరి ముందూ మంచుపెట్టె తెరిచాను. రసం బెల్లప్పానకం రంగులో ఉంది. మూత తీస్తే పాత గోనెసంచి వాసన వచ్చింది. అమ్మ దగ్గరికి కూడా రాలేదు, వంటింట్లో నుంచే "అది పారెయ్యమ్మా" అంది.

నాయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "కుక్కర్ విజిల్ ఎక్కువైపోయిందేమో," అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రమే అంటు కట్టే ఆయనకు ఫోన్ చేసి, ఆడి పద్దెనిమిదికి తప్పకుండా రమ్మన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చెట్టు కోసమా, నా ఇరవై ఏళ్ల అనుభవం గోనెసంచి వాసన కొట్టినందుకా అంటే ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు పనిలోకి రాగానే ల్యాబ్‌లో తలుపు వేసుకున్నాను. రెండు గాజు కప్పులు తీసుకున్నాను. ఫ్రీజర్‌లో దాచిన పచ్చి రసం ఒక దాంట్లో, సగం ఒత్తిడి తిన్న రసం ఇంకో దాంట్లో. ఎంజైము పని చేస్తే ముదురు రంగు తేలే మందు రెండింట్లోనూ వేశాను. పచ్చి రసం ముందు నల్లబడాలి, అది న్యాయం. నొక్కిన రసం ముందు నల్లబడింది. కప్పులు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అదే. మూడోసారి యంత్రం నడిపే ఆయన్ను కూడా పిలిచి కూర్చోబెట్టి చేశాను. సగం ఒత్తిడి ఎంజైమును చంపలేదు సరికదా, దానికి ఉషారు తెప్పించింది!

సిగ్గుపడాల్సిన చోట నాకు పట్టలేని సంతోషం వేసింది. చదివితే తెలిసింది. ఒక మోస్తరు ఒత్తిడికి కణాలు చిట్లి, ఎంజైములు దాక్కున్న చోటు నుంచి బయటికి వస్తాయట. కొన్నింటి ఆకారం కాస్త సర్దుకుని ముందుకంటే జోరుగా పని చేస్తుందట. బాగా పెద్ద ఒత్తిడిలోనే ఆ ఆకారం నిలవలేక కూలుతుంది. నేను వాటికి ఇరవై నిమిషాలు విందు పెట్టి ఇంటికి సాగనంపానన్నమాట! నలభై ఎనిమిదేళ్ల వయసులో ఒక కొత్త సంగతి నా చేతుల మీదుగా నాకే తెలిసింది. ఆ పూట టీ కూడా తాగలేదు.

ఆ రాత్రి నాయనకు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే, సంత దినం కృష్ణగిరి బస్సు మాదిరి," అన్నాడు. "ఖాళీ బస్సులో ఎవరి పాటికి వాళ్లు నిద్రపోతా ఉంటారు. సగం నిండితే పక్కన కూర్చున్నోళ్లతో కతలు, కొట్లాటలు. బస్సు కిక్కిరిసిపోతే నోరు తెరిచేదానికి కూడా సందుండదు. నువ్వు సగం బస్సు నింపినావు."

ఇరవై ఏళ్లు ఈ పనిలో ఉన్నా నాకు రాని పోలిక అది. "నాయనా, ఇంకొక్కసారి," అన్నాను.

"కాయలు యాడున్నాయమ్మా? కొనకొమ్మన ముప్పయ్యో నలభయ్యో ఉండాయి, అంతే. గాలివాన వస్తే అవీ రాలిపోతాయి."

"అవే కావాలి."

"చూస్తాంలే," అని పెట్టేశాడు.

మూడోనాడు పొద్దున హోసూరు బస్టాండులో కండక్టరు నా చేతికి ఒక గంప అందించాడు. పైన వరిగడ్డి, కింద ముప్పై ఆరు కాయలు. డెబ్బై ఏళ్ల మనిషి కొనకొమ్మ దాకా ఎక్కి కోసి పంపాడు. నన్ను ఓడించాలనుకున్న మనిషే. ఎందుకని అమ్మను అడిగితే, "గెలిస్తే సరిగా గెలవాలంట, లేకుంటే గెలిచినట్టు కాదంట," అంది.

ఈసారి నేను నోరు మూసుకున్నాను. దానిమ్మ రసం సీసాల నడుమ కొంచెం చోటు చేసి, యంత్రం నడిపే ఆయన నా పది సీసాలు పేర్చాడు.

"ఇప్పుడైనా నేను చెప్పినట్టు చేయొచ్చా అక్కా?"

"నీ ఇష్టమప్పా. నేను ఈడ లేననుకో."

ముల్లు ఆరువేలకు పోయి నిలిచింది. మూడు నిమిషాలు. నేను మూడు నిమిషాలూ ఆ ఉక్కు గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాను, నా చెయ్యి ఏదో సాయం చేస్తున్నట్టు. సీసాలు తడితడిగా బయటికి వచ్చాయి. రంగు మారలేదు. ఈ ఒత్తిడికి కూడా లొంగని మొండి ఎంజైములు కొన్ని ఉంటాయని ఇప్పుడు నాకు తెలుసు. వాటిని చలిలోనే అదుపు చేయాలి, అందుకని సీసాల్ని ఫ్రిజ్‌లో వెనక్కి తోసి తాళం వేశాను. మా కాయలో పులుపు ఎక్కువ కావడం కూడా కలిసొచ్చింది. అయినా రోజుకు రెండుసార్లు తాళం తీసి చూసేదాన్ని. మా ఆయన ఆ ఫ్రిజ్‌కు హారతి ఇద్దామా అన్నాడు.

ఆడి పద్దెనిమిది వచ్చింది. నేను పోయేసరికి అంటు కట్టే ఆయన అప్పటికే వచ్చి, బెంగుళూర పుల్లల్ని తడిగోనెలో చుట్టి చెట్టు కింద పెట్టాడు. నాయన రంపం పక్కనే ఉంది.

తిన్నె మీద నాలుగు గాజు గ్లాసులు వరసగా పెట్టాం. ఒకటి అంగట్లో కొన్న మామిడి రసం. ఒకటి నా పాత ఫ్యాక్టరీ లాంటి చోట చేసిన డబ్బా గుజ్జు. ఒకటి సోంపు మామిడి రసాన్నే నేను వేడి చేసి దాచింది. ఒకటి నా సీసాది. ఏది ఎక్కడ పెట్టాలో నాయనే పెట్టాడు, నన్ను గడప అవతల నిలబెట్టి. తన తుండుగుడ్డతోనే అమ్మ కళ్లకు గంత కట్టాడు.

అమ్మ మొదటి గ్లాసు ఎత్తింది. "ఇది అంగడిది. చక్కెర వాసన." రెండోది ముక్కు దాకా రాకముందే దించేసింది. "డబ్బాది."

మూడోది ఎత్తి ఆగింది. "ఇది మన చెట్టుది."

గడప దగ్గర నుంచే కనిపిస్తోంది, అది ముదురు పసుపు. వేడి చేసిన రసం. దీన్నే ఆమె ఒప్పుకుంటే నా ఆరువేల రెట్లకు అర్థమే లేదు. నాయన నా వైపు చూశాడు.

"మన చెట్టుదే," అంది అమ్మ మళ్లీ, "కానీ దీన్ని ఎవరో ఉడకేసి చంపినారు. సోంపు లేదు దీంట్లో."

నాలుగోది ఎత్తింది. ఒకసారి వాసన చూసి, దించి, మళ్లీ ఎత్తింది. గంత కింద ఆమె బుగ్గలు పైకి లేచాయి. అంటు కట్టే ఆయన కూడా బీడీ ఆర్పేసి చూస్తున్నాడు.

"ఎవరప్పా ఈ కాయల్ని కోసింది?" అంది, తెలియనట్టే.

"ఎందుకు?" అన్నాడు నాయన.

"ఒక పొద్దు ముందే కోసేసినారు. తొడిమ దగ్గర పాల వాసన ఇంకా పోలేదు. ఇంకొక్క పొద్దు ఆగింటే ఏం పోయిండేది?"

నాయన గొంతు సవరించుకున్నాడు. "గాలివాన వస్తాదని..." అన్నాడు. ఆ ఇంట్లో ఆయన సంజాయిషీ చెప్పుకోవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేను గడప దాటి పోయి అమ్మను పట్టుకుని గట్టిగా నవ్వాను. నెలన్నర కిందట కొనకొమ్మ మీద ఒక రోజు తొందరపడిన చెయ్యి, ఆరువేల రెట్ల ఒత్తిడి తిని కూడా ఆ సీసాలో అలాగే ఉంది.

అమ్మ గంత విప్పుకుని, ఆ గ్లాసు ఎవరికీ ఇవ్వకుండా మొత్తం తాగేసింది.

నాయన లేచి రంపం తీసుకున్నాడు. సోంపు మామిడి వైపు పోతాడేమోనని నేను వెనకాలే పరిగెత్తాను. ఆయన దాన్ని దాటి, ఇంటికి దగ్గరగా ఉన్న మంచి కాపు మీదున్న బెంగుళూర చెట్టు దగ్గర ఆగాడు. మొదటి కొమ్మకు రంపం ఆనించాడు.

"అయ్యో, దాన్ని ఎందుకు కోస్తా ఉండావు?" అని అమ్మ కేక వేసింది.

"ఒక్క చెట్టు కాయలు పెట్టుకొని మన పాప ఎన్ని సీసాలు నింపుతుంది?" అన్నాడు నాయన, తల తిప్పకుండా.

అంటు కట్టే ఆయన తడిగోనెలోని బెంగుళూర పుల్లల్ని గట్టున పడేసి, కత్తి నడుముకు దోపుకుని, పుల్లలు కోయడానికి సోంపు మామిడి ఎక్కాడు.